పాప్ స్టార్ పాటలతో క్యాబరే షో అంటే ఏంటి? ట్రిబ్యూట్‌కీ మిమిక్రీకీ ఎక్కడ తేడా వస్తుంది?

పెద్ద పాప్ స్టార్ పేరు, కింద "ట్రిబ్యూట్ షో" అని పోస్టర్. టికెట్ కొని లోపలికి వెళ్తే వేదిక మీద ఒక పియానో, ఒక డబుల్ బాస్, మామూలు నల్ల బట్టల్లో ఒక సింగర్. విగ్గు లేదు, ఆ స్టార్ వేసుకునే మెరుపుల జాకెట్ లేదు, వెనకాల డాన్సర్లు లేరు. జనం గంతులేసే హిట్ పాటని ఆవిడ స్టూలు మీద కూర్చుని, దాదాపు మాట్లాడుతున్నట్టుగా, సగం స్పీడులో పాడుతుంది. షో అయ్యాక కొందరు కళ్లు తుడుచుకుంటూ బయటికొస్తారు, కొందరు "మేం డబ్బులు పెట్టింది దీనికా" అని మండిపడతారు. ఇద్దరూ చూసింది ఒకే షో. చిక్కంతా "ట్రిబ్యూట్" అనే మాటతోనే, ఎందుకంటే ఆ ఒక్క మాట కింద ఒకదానికొకటి పొంతన లేని ప్రదర్శనలు అమ్ముడవుతుంటాయి.

ముందు క్యాబరే సంగతి

తెలుగులో క్యాబరే అనగానే పాత సినిమాల్లో విలన్ డెన్‌లో జరిగే క్లబ్బు డాన్సే గుర్తొస్తుంది. ఆ అర్థాన్ని కాసేపు పక్కన పెట్టాలి. ఫ్రెంచిలో ఆ మాట మొదట తాగడానికి కూర్చునే దుకాణానికి వాడేవాళ్లు. 1881లో పారిస్‌లోని మోన్‌మార్త్ర్ ప్రాంతంలో రొడాల్ఫ్ సాలిస్ అనే ఆయన "లె షా న్వార్", అంటే నల్లపిల్లి, అనే చోటు తెరిచాడు. కవులు, పాటగాళ్లు, బొమ్మలేసేవాళ్లు అక్కడికి చేరి తాగుతూ, పాడుతూ, ఊళ్లో పెద్దమనుషుల్ని ఏకిపారేసేవాళ్లు. 1901కల్లా ఈ పద్ధతి బెర్లిన్ చేరింది. 1916లో జ్యూరిక్‌లో హ్యూగో బాల్, మిత్రులు "క్యాబరే వోల్టేర్" పెట్టారు, తర్కాన్నీ సంప్రదాయాన్నీ ఎగతాళి చేసిన దాదా కళా ఉద్యమం పుట్టింది అక్కడే. మొదటి ప్రపంచయుద్ధం తర్వాతి బెర్లిన్‌లో ఇది రాజకీయ వ్యంగ్యానికి అడ్డా అయింది, అందుకే జర్మన్‌లో "కాబరెట్" అంటే ఇవాళ్టికీ మాటలతో కొట్టే వ్యంగ్యమే.

ఇన్ని ఊళ్లు తిరిగినా మారని లక్షణాలు కొన్ని ఉన్నాయి. గది చిన్నది. జనం బల్లల చుట్టూ కూర్చుంటారు. సింగర్‌కి ముందువరసలో వాళ్ల మొహాలు కనిపిస్తుంటాయి, వాళ్లు నవ్వారో, ఫోన్ చూస్తున్నారో తెలుస్తూనే ఉంటుంది. నాటకంలోలాగా ప్రేక్షకులు లేనట్టు నటించడం ఇక్కడ కుదరదు. ఇంకొకటి, పాటకీ పాటకీ మధ్య మాటలు. హరికథలో పిట్టకథ లాంటి పని చేస్తాయివి. కాసేపు నవ్విస్తాయి, అసలు కథకి దూరంగా వెళ్తున్నట్టు అనిపిస్తాయి, తీరా చూస్తే తర్వాత వచ్చే పాటని ఏ చెవితో వినాలో అప్పుడే చెప్పేసి ఉంటాయి.

ఒకే పేరు, వేరు వేరు సరుకు

అందరికీ బాగా తెలిసినది నకలు షో. 1988లో మెల్‌బోర్న్‌లో మొదలైన "బ్యోర్న్ అగైన్" స్వీడన్ పాప్ బృందం అబ్బా లాగే బట్టలేసుకుని, అలాగే పాడి ప్రపంచమంతా తిరిగింది. అదే ఏడాది అడిలైడ్‌లో మొదలైన "ఆస్ట్రేలియన్ పింక్ ఫ్లాయిడ్" కూడా పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బృందం రికార్డులో ఉన్నది ఉన్నట్టు వినిపించడంలో పేరు తెచ్చుకుంది. ఇక్కడ కొలత ఒక్కటే: ఎంత దగ్గరగా వచ్చింది? మిమిక్రీ ఆర్టిస్టుని మనం ఎలా మెచ్చుకుంటామో వీళ్లనీ అలాగే మెచ్చుకుంటాం. ఇది తక్కువ పనేమీ కాదు, ఇంకొకరి గొంతు గంటన్నర మోయడం పాడేవాళ్లకి తెలుస్తుంది.

రెండోది జ్యూక్‌బాక్స్ మ్యూజికల్. ఉన్న పాటల్ని తీసుకుని వాటి చుట్టూ కథ అల్లుతారు. 1999లో లండన్‌లో మొదలైన "మామా మియా" దీనికి పెద్ద ఉదాహరణ, అందులో అబ్బా పాటలున్నాయి కానీ అబ్బా జీవితం లేదు, ఒక తల్లీకూతుళ్ల కథ ఉంది. మూడోది మామూలు కవర్ పాట, ఒకరి పాటని ఇంకొకరు పాడటం, అంతే.

క్యాబరే ట్రిబ్యూట్ ఈ మూడింటి పక్కనే నిలబడుతుంది కానీ వేటిలోనూ పూర్తిగా ఇమడదు. పాటలన్నీ ఒక్క స్టార్‌వే, కానీ వేదిక మీదున్న మనిషి ఆ స్టార్‌లా నటించదు. కథ ఉండొచ్చు, అయితే అది చాలాసార్లు ఆ సింగర్‌కీ ఆ పాటలకీ మధ్య నడిచిన కథ. "నేనే ఆవిడని" అని నకలు షో అంటే, "ఆవిడ పాటలు విని పెరిగినదాన్ని నేను" అని ఇది అంటుంది. ఇద్దరు నిలబడిన చోటు వేరు, మిగతా తేడాలన్నీ అక్కణ్నుంచే వస్తాయి.

మధ్యలో ఒక మాట. 2022 నుంచి లండన్‌లో "అబ్బా వాయేజ్" నడుస్తోంది, అందులో అబ్బా సభ్యులు యవ్వనంలో ఎలా ఉండేవాళ్లో అలా డిజిటల్ రూపాల్లో కనిపిస్తారు, గొంతులూ వాళ్లవే. అచ్చు గుద్దినట్టుండటమే కొలత అయినప్పుడు మనుషులు ఇలాంటి యంత్రంతో పోటీ పడాల్సి వస్తుంది. క్యాబరే రకానికి ఆ టెన్షన్ తక్కువని నాకనిపిస్తుంది, అది అసలు పోలికనే అమ్మట్లేదు కాబట్టి.

పాటని విప్పి మళ్లీ కుట్టడం

"నెమ్మదిగా పాడితే సరిపోతుంది కదా" అనుకునేవాళ్లుంటారు. చిన్న లెక్క వేసి చూద్దాం. నిమిషానికి 120 దెబ్బలు పడే మూడున్నర నిమిషాల డాన్స్ పాట అనుకోండి. మొత్తం 420 దెబ్బలు, నాలుగేసి చొప్పున లెక్కేస్తే 105 ఆవర్తాలు. స్పీడు సగం చేస్తే అదే పాట ఏడు నిమిషాలవుతుంది. డాన్స్ ఫ్లోర్ మీద నాలుగుసార్లు తిరిగొచ్చే పల్లవి హుషారు పెంచుతుంది, ఏడు నిమిషాల పియానో పాటలో అదే పల్లవి నాలుగోసారి వస్తే జనం వాచీ చూసుకుంటారు. కాబట్టి పాటకి కొత్తగా సంగీతం అమర్చే అరేంజర్‌కి కత్తెర తప్పదు. ఒక చరణం పోతుంది, ఒక పల్లవి పోతుంది, మిగిలిన ప్రతి పల్లవికీ ఒక కారణం కావాలి.

ఈ "కారణం" అన్నదే కళ. పదం పట్టే నర్తకి ఒకే పంక్తిని మళ్లీ మళ్లీ పాడిస్తూ ప్రతిసారీ కొత్త భావం చూపిస్తుంది కదా, ఒకసారి అలక, ఒకసారి ఎత్తిపొడుపు, ఒకసారి ఓటమి. క్యాబరే సింగర్ పల్లవితో చేసేదీ దాదాపు అదే. మొదటిసారి ఆశగా, రెండోసారి తనని తాను నమ్మించుకుంటున్నట్టు, ఆఖరిసారి ఇక నమ్మకం లేదని తెలిసి. మాటల్లో ఒక్క అక్షరం మారదు.

మార్చేవి ఇంకా ఉన్నాయి. స్థాయి కిందికి దించుతారు, పాట మాట్లాడే గొంతుకి దగ్గరవుతుంది. నాలుగేసి దెబ్బల చతురశ్ర నడకలో ఉన్నదాన్ని మూడేసి దెబ్బల తిశ్రంలోకి తెస్తే అదే బాణీ ఒక్కసారిగా వాల్ట్జ్‌లా ఊగుతుంది. హుషారుగా వినిపించే మేజర్ స్వరాల్ని దిగులుగా వినిపించే మైనర్ చేయడం ఇంకో దారి, అందరికీ వెంటనే పట్టుబడే దారి కూడా, అందుకే అతిగా వాడి అరగదీశారు. ఇక స్టూడియోలో పొరలు పొరలుగా కట్టిన సింథసైజర్లు, బీటు తీసేశాక మిగిలే ఖాళీ ఉంటుంది చూడండి, దాన్ని ఏం చేయాలన్నది పెద్ద ప్రశ్న. పాట మొదలవగానే జనం గుర్తుపట్టే చిన్న స్వరాల ముక్క ఉంటుంది కదా, కొందరు దాన్ని పియానిస్టు ఎడమచేతిలో దాచేస్తారు. చెవికి తెలుస్తుంది, ఏ పాటో మాత్రం వెంటనే తట్టదు, మాటలు మొదలయ్యాక గదిలో ఒక చిన్న "ఓ" వినపడుతుంది. ఆ చప్పుడు కోసమే అంత పనీ.

ఇక్కడ తికమక పెట్టే విషయం ఇంకొకటి. బట్టలు మార్చడం వేరు, అర్థం మార్చడం వేరు. స్కాట్ బ్రాడ్లీ నడిపే "పోస్ట్‌మోడర్న్ జ్యూక్‌బాక్స్" కొత్త పాప్ పాటల్ని పాతకాలపు జాజ్, స్వింగ్ పద్ధతుల్లో వాయిస్తుంది. వినడానికి సరదాగా ఉంటుంది, వాయించే పనితనం గొప్పది. అయితే చాలా పాటల్లో అర్థం ఉన్నచోటే ఉంటుంది, కాలం మాత్రం వెనక్కి వెళ్తుంది. క్యాబరే ట్రిబ్యూట్ తనమీద వేసుకునే బరువు ఇంకో మెట్టు పైది: ఈ పాట ఎవరి నోట్లోంచి, ఎప్పుడు, ఎవరితో వస్తోంది?

పాట ఎలా తిరగబడుతుందో చూద్దాం

1996లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో "పోయెట్రీ ఒలింపిక్స్" అనే కవితల సభ జరిగింది. రాక్ సింగర్ నిక్ కేవ్ సలహా మీద పాప్ స్టార్ కైలీ మినోగ్ వేదికెక్కి తన "ఐ షుడ్ బి సో లక్కీ" పాట మాటల్ని సంగీతం లేకుండా, కవిత చదివినట్టు చదివింది. 1987లో వచ్చిన ఆ పాట అంటే తేలిగ్గా నవ్వేవాళ్లే ఎక్కువ. బీటు తీసేస్తే మిగిలిందేమిటి? ఒకమ్మాయి ప్రేమ అంతా తన ఊహలోనే నడుస్తోంది, కలలో తోడుగా ఉన్నవాడు మెలకువలో లేడు. హుషారైన బాణీ ఆ సంగతిని కప్పేసింది. ఆ చదవడం క్యాబరే షో కాదు, కానీ క్యాబరే ఎలా పనిచేస్తుందో ఇంతకన్నా తక్కువ ఖర్చులో చూపించడం కష్టం.

స్వీడన్ గాయని రాబిన్ 2010 పాట "డాన్సింగ్ ఆన్ మై ఓన్" ఇంకా ఆసక్తికరం. తను ప్రేమించిన మనిషి ఇంకొకామెని ముద్దుపెట్టుకోవడం మూలన నిలబడి చూస్తూ, ఒంటరిగా డాన్స్ చేస్తున్న మనిషి పాట అది. అసలు రికార్డులో బీటు ఆగదు, ఏడుపొస్తున్నా కాళ్లు ఆగవు, ఆ మొండితనమే పాట. 2016లో కలమ్ స్కాట్ దాన్ని పియానో మీద నెమ్మదిగా పాడాడు. ఇప్పుడు కాళ్లు ఆగిపోయాయి, దుఃఖం ఒక్కటే మిగిలింది. పైగా మగగొంతు పాడుతున్నా "ఆమెని" అన్న మాట మారలేదు, దాంతో కథలో ఎవరు ఎవరిని ప్రేమించారన్నది కూడా మారిపోయింది. కొందరికి రెండోదే గుండెకి తగిలింది, కొందరేమో అసలు పాటలోని బలం పోయిందంటారు. నేను రెండో గుంపులో ఉన్నాను, కానీ మొదటి గుంపు వాదన అర్థమవుతుంది.

సిండీ లాపర్ 1983 హిట్ "గర్ల్స్ జస్ట్ వాంట్ టు హావ్ ఫన్" రాసింది రాబర్ట్ హజార్డ్ అనే మగాయన, 1979లో తనే మగాడి వైపు నుంచి పాడి డెమో చేశాడు. లాపర్ కొన్ని మాటలు మార్చి, అమ్మాయి వైపు నుంచి పాడింది. ఇవాళ ఆ పాట అంటే మనకి గుర్తొచ్చేదంతా ఆ తిప్పడంలోంచి వచ్చిందే. కాబట్టి "అసలు పాటని పాడుచేశారు" అనేముందు మనం అసలు అనుకుంటున్నది కూడా అప్పటికే ఒకసారి తిప్పికుట్టినది కావచ్చు.

ఉల్టా దారి కూడా ఉంది. 1928లో బెర్లిన్‌లో నాటకకర్త బ్రెహ్ట్, సంగీతకర్త కుర్ట్ వైల్ రాసిన సంగీత నాటకంలో ఒక హంతకుడి నేరాల జాబితాగా మొదలైన పాట "మ్యాక్ ద నైఫ్" పేరుతో 1959లో బాబీ డారిన్ గొంతులో చిటికెలేసుకునే స్వింగ్ హిట్ అయింది. శవాల లెక్క అలాగే ఉంది, జనం మాత్రం నవ్వుతూ తలూపారు.

వేషం అసలు ఉండకూడదా?

ఇక్కడే గీత చెరిగిపోతుంది. నటి, గాయని జూడీ గార్లాండ్ 1961 ఏప్రిల్ 23న న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో చేసిన కచేరీ అమెరికన్ సంగీతంలో ఒక పురాణం లాంటిది. 2006లో సింగర్ రూఫస్ వైన్‌రైట్ అదే హాల్లో అదే పాటల పట్టీని మళ్లీ పాడాడు, పెద్ద ఆర్కెస్ట్రాతో. లెక్కప్రకారం ఇది నకలు షోకి దగ్గర, కొత్త అరేంజ్‌మెంట్ల గొడవే పెద్దగా లేదు. అయినా దాన్ని ఎవరూ మిమిక్రీ అనలేదు. ఒక పురుషుడు, తన సొంత గొంతుతో, ఆమె నిలబడిన చోట నిలబడటమే అక్కడ వ్యాఖ్యానం.

రెండో చిక్కు కికి అండ్ హెర్బ్. జస్టిన్ వివియన్ బాండ్, కెన్నీ మెల్మన్ కలిసి సృష్టించిన జోడీ ఇది: జీవితంలో దెబ్బలు తిన్న బార్లలో, లౌంజుల్లో పాడే ముసలి గాయని, ఆమె పియానిస్టు. రకరకాల పాప్ పాటల్ని ఈ ఇద్దరూ తమ కష్టాల కథలోకి లాక్కునేవాళ్లు. 2004లో కార్నెగీ హాల్ దాకా వెళ్లారు. ఇక్కడ వేషం నిండుగా ఉంది, కానీ ఆ వేషం ఏ స్టార్‌దీ కాదు. కాబట్టి వేషం ఉందా లేదా అని చూస్తే పొరపాటు పడతాం. ఎవరి వేషం అన్నది అడగాలి.

డబ్బు ఎవరికి, అనుమతి ఎవరిది?

చాలామంది "స్టార్ పర్మిషన్ తీసుకున్నారా?" అని అడుగుతారు. మామూలుగా అది అడగాల్సిన ప్రశ్నే కాదు. పాటకి రెండు వేరు వేరు హక్కులుంటాయి. ఒకటి రచనది, అంటే మాటలూ బాణీ. రెండోది రికార్డింగుది. క్యాబరే వేదిక మీద ఎవరి రికార్డూ వేయరు, రచనని మళ్లీ పాడతారు. అందుకని లైసెన్స్ రాసినవాళ్ల వైపు నుంచి కావాలి. అమెరికాలో యాస్కాప్, బ్రిటన్‌లో పీఆర్‌ఎస్ లాంటి సంస్థలు, రెండూ 1914లో పుట్టినవే, రచయితల తరఫున హాళ్లకి లైసెన్సులిచ్చి వసూలైనది పంచుతాయి.

దీంతో వింత ఫలితాలొస్తాయి. విట్నీ హ్యూస్టన్ పాటలతో ట్రిబ్యూట్ పెట్టి, 1992లో ఆమె ప్రపంచమంతా మోగించిన "ఐ విల్ ఆల్వేస్ లవ్ యు" పాడారనుకోండి. పోస్టర్ మీద పేరు విట్నీది, రచన రాయల్టీ మాత్రం 1974లో విడుదలైన ఆ పాటని రాసి పాడిన డాలీ పార్టన్ వైపు వెళ్తుంది.

ఇక్కడిదాకా తేలిక. అసలు చిక్కు "నాటకం" దగ్గర. హాలుకిచ్చే మామూలు లైసెన్స్ కచేరీలకే, నాటకీయ ప్రదర్శనకి హక్కుదారులతో విడిగా మాట్లాడుకోవాలి. సింగర్ మైకు ముందు నిలబడి "ఈ పాట మొదటిసారి విన్నప్పుడు నాకు పదహారేళ్లు" అని చెప్పి పాడితే కచేరీ. అవే పాటలతో ఇద్దరు భార్యాభర్తలుగా వేషాలేసి, సెట్టు వేసి, పాటల మధ్య కాపురం కూల్చుకుంటే నాటకం. మరి ఒక్కతే సింగర్, వరస కథ, రెండు మూడు పాత్రల గొంతులు, ఒక కుర్చీ ఉంటే? అదే బూడిదరంగు జాగా, క్యాబరే షోలు చాలావరకు ఇష్టపడి కాపురముండేది సరిగ్గా అక్కడే.

మాటలు మార్చి ఎగతాళి చేస్తే ఇంకో లెక్క. రాయ్ ఆర్బిసన్ 1964 పాట "ఓ, ప్రెటీ వుమన్"ని టూ లైవ్ క్రూ అనే ర్యాప్ బృందం పేరడీ చేసినప్పుడు, అమ్ముకోవడానికి చేసిన పేరడీ అయినంత మాత్రాన అది న్యాయమైన వాడకం (అనుమతి లేకున్నా చట్టం ఒప్పుకునే వాడకం) కాకుండా పోదని అమెరికా సుప్రీంకోర్టు 1994లో చెప్పింది. ఇది అక్కడి చట్టం, ఇంకో దేశంలో ఇంకోలా ఉంటుంది.

పోలిక కూడా కోర్టుకెక్కింది. ఒక కార్ల కంపెనీ ప్రకటన కోసం పాట హక్కులు తీసుకున్నారు, గాయని బెట్ మిడ్లర్ పాడనంటే ఆమెలా పాడే ఇంకొకరితో పాడించారు. ఆమె కేసు వేసింది, 1988లో అప్పీలు కోర్టు ఆమె వైపు నిలిచింది, తర్వాత జ్యూరీ 4 లక్షల డాలర్లు ఇప్పించింది. అది ప్రకటన కాబట్టి ప్రతి వేదికకీ వర్తించదు. కానీ 1981లో న్యూజెర్సీలో ఎల్విస్ ప్రెస్లీ వారసత్వ సంస్థ ఒక ఎల్విస్ నకలు షో మీద వేసిన కేసు నేరుగా మన విషయమే. కేవలం అనుకరించి, తనదంటూ పెద్దగా ఏమీ కలపని ప్రదర్శనకి భావప్రకటనా స్వేచ్ఛ గట్టి రక్షణ ఇవ్వదన్న ధోరణిలో ఆ కోర్టు మాట్లాడింది. అంటే "నువ్వు ఇందులో కొత్తగా కలిపిందేమిటి?" అని విమర్శకులే కాదు, జడ్జీలూ అడిగారన్నమాట.

ఒప్పుకోనివాళ్ల మాటలో ఎంత నిజం?

అభిమానుల మొదటి ఫిర్యాదు సూటిగా ఉంటుంది: మేం ఎగరడానికొచ్చాం, ఏడిపించారు. నా లెక్కలో ఇది షో తప్పు కన్నా పోస్టర్ తప్పు. బిర్యానీ అని బోర్డు పెట్టి పులిహోర వడ్డిస్తే, పులిహోర ఎంత బాగున్నా గొడవే.

రెండోది లోతైనది, దాన్ని తేలిగ్గా కొట్టేయలేం. హుషారు పాటని నెమ్మదిగా, దిగులుగా పాడి "చూశారా, ఇందులో ఎంత లోతుందో" అనడం వెనక ఒక చిన్నచూపు ఉంది. దుఃఖమే గొప్పది, డాన్స్ తక్కువది అన్నట్టు. ఈ స్లో పియానో కవర్లు సినిమా ట్రైలర్లలో, ప్రకటనల్లో వచ్చీ వచ్చీ ఇప్పుడు మూస అయిపోయాయి కూడా. రాబిన్ పాట విషయంలో నా గొణుగుడూ ఇదే. బీటు ఆ పాటలో అలంకారం కాదు, ఆ మనిషి కూలిపోకుండా పట్టుకున్న కర్ర. మంచి షోలకి ఈ సంగతి తెలుసు, అందుకే అన్నిటినీ నెమ్మది చేయవు. ఒకదాన్ని రెట్టింపు వేగంతో ఊపిరాడకుండా పాడతాయి, ఒకదాన్ని అసలు ముట్టుకోకుండా వదిలేస్తాయి.

మూడో ఫిర్యాదు: ఆ సింగర్ సొంత సోది మాకెందుకు? నిజమే, కొందరు అడ్డంగా దొరికిపోతారు, స్టార్ పేరు చెప్పి జనాన్ని పిలిచి తమ విడాకుల కథ చెప్పుకుంటారు.

అటువైపు వాదనా వినాలి. ఇవాళ మనం "జాజ్ క్లాసిక్స్" అని గౌరవంగా పిలిచే పాటల్లో చాలా భాగం ఒకప్పటి బ్రాడ్‌వే, సినిమా పాప్ పాటలే. 1959 నాటకంలోని "మై ఫేవరెట్ థింగ్స్"ని జాజ్ వాద్యకారుడు జాన్ కోల్‌ట్రేన్ 1961లో పదమూడు నిమిషాలకి పైగా శాక్సోఫోన్ మీద నడిపించాడు. ఇలా ఎవరో ఒకరు మళ్లీ మళ్లీ విప్పి కుట్టబట్టే అవి నిలిచాయి. మరి డెబ్భైల, ఎనభైల, తొంభైల పాటలకి ఆ అవకాశం ఎందుకుండకూడదని క్యాబరే వాళ్లు అడుగుతారు. రికార్డు అందరి జేబులోనూ ఉంది, అచ్చు అలాగే వినాలంటే ఇంట్లోనే వినొచ్చు, గదికి వచ్చి వినేది ఇంకొకటి ఉండాలి కదా అనేది వాళ్ల మాట.

పోస్టరే చాలావరకు గుట్టు చెప్పేస్తుంది నిజానికి. నకలు షోలో స్టార్ పేరు, ఫొటోలో స్టార్‌లాంటి మొహం, పాడేవాళ్ల పేరు ఎక్కడో అడుగున, ఒక్కోసారి అసలు ఉండదు. క్యాబరే షోలో పాడే మనిషి పేరు పైన ఉంటుంది, కొన్నిసార్లు స్టార్ పేరుకన్నా పెద్ద అక్షరాల్లో, పక్కనే పియానిస్టు పేరూ ఉంటుంది.